ఆపరేషన్ చేయించారు, మరి నడిపించేదెవరు మంత్రిగారూ?

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి నమస్కారం.

ఇదివరకు ఇచ్చిన అర్జీలన్నిటికీ మీ పేషీ నుంచి పరిశీలనలో ఉందన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. కుక్కలకు వెన్ను ఆపరేషన్ చేయించే పథకం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ప్రారంభించింది మీరే. వెన్ను ఆపరేషన్ అయిన కుక్క మళ్లీ నడిచేదాకా చూసుకుంటామని ఆ రోజు మాటిచ్చిందీ మీరే.

ఆపరేషన్ విషయంలో వంక పెట్టను. మా చింటుగాడు డాక్స్‌హండ్. పొట్టి కాళ్లు, పొడుగు నడుం. ఆ జాతికి, అలాగే ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్, పెకినీస్‌లకు వెన్నులో డిస్కులు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు, చిన్న వయసులోనే గట్టిపడి పగిలిపోతాయట. డిస్క్ ముక్క వెన్నుపామును నొక్కేసి వాడికి వెనక కాళ్లు రెండూ పడిపోతే, డాక్టరుగారు హెమిలామినెక్టమీ, అంటే వెన్నుపూస ఎముకను ఒక పక్క కొంత తొలిచే ఆపరేషన్, చేసి ఆ ముక్కలు తీసేశారు. అంతకుముందు కాలివేలు ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కితే వాడు తల తిప్పి కుయ్యిమన్నాడు. లోపలి నొప్పి తెలిసే కుక్కల్లో పదింటికి తొమ్మిది ఆపరేషన్ తర్వాత నడుస్తాయని, ఆ నొప్పి కూడా తెలియని వాటిలో సైతం సుమారు సగం లేస్తాయని డాక్టరుగారే ధైర్యం చెప్పారు.

డిశ్చార్జి రోజున మందుల చీటీ చేతిలో పెట్టారు. దాని అడుగున ‘ఫిజియోథెరపీ’ అని ఒక్క ముక్క. ఎవరు చేస్తారండీ, ఎక్కడ చేస్తారండీ అని అడిగితే అక్కడ చెప్పే మనిషే లేరు.

ఆపరేషన్ అయిన కుక్కకి మొదటి గండం నడక కాదు, మూత్రం. చాలాసార్లు అది తనంతట తాను పోసుకోలేదు. రోజుకు మూడు నాలుగు సార్లు మనమే నొక్కి తీయాలి. వెనక కాళ్లకు ముందు, పొట్టకు రెండు పక్కలా అరచేతులు పెట్టి తడిమితే మూత్రసంచీ నీళ్లు నింపిన బుడగలా తగులుతుంది. దాన్ని వేళ్ల మధ్య నుంచి జారనివ్వకుండా, గుచ్చకుండా, ధార ఆగేదాకా ఒకే బిగువున నొక్కి ఉంచాలి. సగమే వస్తే మిగిలింది లోపల నిలవుండి ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. పరుపు తడిసింది కదా, పోసుకుంటోందిలే అని మనం సంబరపడతాం. సంచీ నిండి పొర్లుతున్నా అలాగే తడుస్తుంది. చీటీలో రాసిస్తే వచ్చే పని కాదండీ ఇది. నా చేతుల మీద చేతులు వేసి ఒక్కసారి చూపిస్తే వస్తుంది. ఆ ఒక్కసారి చూపించే దిక్కు లేకే, మాతోపాటు ఇంటికెళ్లిన బీగిల్‌కు మూత్రంలో రక్తం పడి, జ్వరం వచ్చి మళ్లీ ఆస్పత్రి పాలైంది. దాన్ని పెంచుకునే ఆవిడ చేసిన తప్పేమిటి చెప్పండి?

ఇక నడక. మీరు తెప్పించిన నీటి ట్రెడ్‌మిల్ ప్లాస్టిక్ కవరు కప్పుకుని గదిలో ఉంది. తుంటి ఎత్తుకు నీళ్లు నింపితే కుక్క తన బరువులో సుమారు 38 శాతమే మోస్తుంది. నేల మీద నిలబడలేని కాలు నీళ్లలో అడుగేస్తుంది. కుట్లు మానిన కుక్కలకు అంత మేలు చేసే యంత్రం, నడిపే ఉద్యోగిని వేయలేదని మూలన పడింది.

ఇంట్లో నేను నడుం కింద తువాలు వేసి ఎత్తిపట్టి నడిపిస్తున్నాను. వాడి వెనక పాదం వెనక్కి మడతపడి పైభాగం నేలకు ఒరుసుకుంటోంది, గోళ్ల దగ్గర రక్తం కారుతోంది. తొడ కండ రోజురోజుకూ తరిగిపోయి ఎముక చేతికి తగులుతోంది. కీళ్లు మడిచి చాపుతున్నాను, ఒరుపు పుండ్లు పడకుండా పక్క మారుస్తున్నాను. తొలి వారాల్లో గెంతనివ్వకూడదు, అలాగని కదలనివ్వకపోతే కండ పోతుంది. ఏ రోజు ఎంత చేయించాలో, ఎక్కడ ఆపాలో ఎవరిని అడగను? ఈ మధ్య పేరు పెట్టి పిలిస్తే తోక ఊపుతున్నాడు. మెదడు నుంచి వెనక్కి కబురు అందుతోందన్నమాటే కదా! కాళ్లకూ అందేలా చేయాల్సిన వేళ ఇదే. ఇప్పుడు పోయిన వారాలు మళ్లీ రావు.

కొందరు చాకిరీ చేయలేక, ఇంక నడవదనుకుని, ప్రాణం పోయే ఇంజెక్షన్ చేయించేశారు. వాళ్లను నేను ఒక్క మాట అనను. కానీ వాటిలో నడవగలిగినవి ఎన్నో ఉండే ఉంటాయి. ఆ మాట తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

అయ్యా, దండం పెట్టి అడుగుతున్నాను. ట్రెడ్‌మిల్‌కు మనిషిని వేయండి. తర్ఫీదు ఉన్న ఫిజియోథెరపిస్టును వేయండి. అది ఆలస్యమైతే, డిశ్చార్జికి ముందు ఒక అరగంట కూర్చోబెట్టి మూత్రం తీయడం, తువాలుతో నడిపించడం మా చేత చేయించి పంపమని రేపే ఆర్డరు ఇవ్వండి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. పరిశీలనలో ఉందని మాత్రం మళ్లీ రాయకండి. మనిషిని ఏ తేదీకి వేస్తారో చెప్పండి.

ఇట్లు,
చింటుగాణ్ని పెంచుకుంటున్న ఒక పౌరురాలు