సింకు, బాత్రూమ్ సాకెట్ల పనులు ఎందుకు ఆగాయంటే

వంటగది, బాత్రూమ్ వైరింగ్ మాకు అప్పగించిన వారందరికీ: సాకెట్లు చెప్పిన గడువుకి బిగించలేం. ఆర్‌సీసీబీల (కరెంటు ఎర్త్‌కి గానీ, మనిషి ఒంట్లోంచి గానీ లీకైతే లైను ఆపేసే స్విచ్‌ల) సరుకు మొత్తం వెనక్కి పంపేశాం.

మేం ఆర్డరు పెట్టింది ‘ఎ’ టైపు, 30 మిల్లీ యాంపుల లీకేజీకి ఆగిపోయేవి. బిల్లులో కూడా ‘ఎ’ అనే రాశారు. పెట్టె విప్పితే ఏసీ టైపువి, అంటే దిక్కు మారుతూ పారే మామూలు కరెంటు (ఏసీ) లీకేజీకి మాత్రమే చేసినవి. గుర్తు పరికరం ముఖం మీదే ఉంటుంది: చిన్న గడిలో ఒక్క అల మాత్రమే ఉంటే ఏసీ టైపు, దాని కింద సగం అలలు కూడా గీసి ఉంటే ‘ఎ’. అడిగితే సప్లయర్ చెప్పిన జవాబు: "రెండూ ఒకటేనండీ, టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడుతుంది." పడకేం, పడుతుంది (అంటే స్విచ్ దానంతటదే ఆగిపోతుంది)! ఆ బటన్ లోపలి రెసిస్టర్ గుండా కాస్త ఏసీ కరెంటునే పక్కకి మళ్లిస్తుంది. దానికి రెండు రకాలూ పడతాయి. రోజూ ఇదే పని చేసేవాళ్లకి ఆ మాట చెప్పి ఒప్పించాలనుకోవడం మాకు బాగా బాధ కలిగించింది.

తేడా ఎక్కడంటే, ఇన్వర్టర్ మోటారున్న వాషింగ్ మెషీన్‌లో రెక్టిఫైయర్ (ఏసీని ఒకే దిక్కున పారేలా మార్చే భాగం) ఉంటుంది. దాని తర్వాత ఎక్కడైనా లీకేజీ మొదలైతే కరెంటు ఒకే దిక్కున తెరలు తెరలుగా పారుతుంది. ఏసీ టైపు దాన్ని పట్టుకుంటుందన్న నమ్మకం లేదు. డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) వాటా పెరిగితే లీకేజీని పసిగట్టే లోపలి కోర్ మొద్దుబారి, మామూలు ఏసీ లీకేజీని కూడా వదిలేయవచ్చు. ‘ఎ’ టైపు ఆ తెరల్ని పట్టుకుంటుంది. వాటితో పాటు 6 మిల్లీ యాంపుల దాకా నిలకడ డీసీ కలిసినా పనిచేస్తుంది.

వచ్చినవాటిని గీజర్ లైన్లకైనా వాడదామా అని చాలా తర్జనభర్జన పడ్డాం. మామూలు గీజర్‌లో ఉండేది ఉత్త హీటింగ్ కాయిల్, దానికి ఏసీ టైపు సరిపోతుంది కూడా. కానీ చాలా ఇళ్లలో ఒకే ఆర్‌సీసీబీ కింద గీజరూ, వాషింగ్ మెషీన్ సాకెట్టూ కలిసే ఉంటాయి. ఇవాళ విడిగా ఉన్నా, రేపు ఇంకెవరో ఆ లైను నుంచే కొత్త పాయింట్ లాగుతారు. అందుకే వద్దనుకున్నాం. ఆ నిర్ణయం మారదు.

"అప్పటిదాకా ఎంసీబీ మీద నడిపించండి" అని కొందరు అడుగుతున్నారు (ఎంసీబీ అంటే లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడే మామూలు స్విచ్). కుదరదండీ. ఆ ఎంసీబీ 16 యాంపులది, అంటే 16,000 మిల్లీ యాంపులు. మనిషి ఒంట్లోంచి 10 మిల్లీ యాంపులు పారితేనే పట్టుకున్నది వదలలేకపోవచ్చు, 30 దాటి కొనసాగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఎంసీబీకి ఆ కరెంటు ఆనదు.

గోడ పెట్టెలు, వైర్లు, ఎర్త్ పనులు మాత్రం ఆగవు. షవర్, టబ్ అంచు నుంచి 60 సెంటీమీటర్ల లోపు సాకెట్ పెట్టం, సింకుకి సరిగ్గా పైనా కిందా పెట్టం. కొత్త సరుకు వచ్చాక ప్రతి లైనూ మీటరుతో చూస్తాం: 15 మిల్లీ యాంపులకి పడకూడదు, 30కి 300 మిల్లీ సెకన్లలో, 150కి 40లో పడాలి. బిగించాక ఊరికే పడుతుంటే సాధారణంగా న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కి తగిలిందనో, వేరే లైను న్యూట్రల్‌తో కలిసిందనో అర్థం. ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపొద్దు, మమ్మల్ని పిలవండి. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి తాకితే మాత్రం ఏ టైపూ కాపాడదు, కాబట్టి తడిచేతులతో ప్లగ్ తీయకండి.

ఆగలేనివారు అడ్వాన్సు వెనక్కి తీసుకోవచ్చు. ఎవరితో చేయించుకున్నా, డబ్బు ఇచ్చే ముందు ఆ గడిలో సగం అలలు ఉన్నాయో లేదో చూసుకోండి.