మా బామ్మర్ది ఎస్‌ఎంపీఎస్ పురాణం

ఒరేయ్ సీనూ,

ఎంత తిట్టుకోవాలనుంటే అంత తిట్టుకో, కానీ తిట్టుకుంటూనే చదువు. జవాబు లేటయింది, నిజమే. అమ్మ మోకాళ్లు పర్లేదు, పిల్లది ముందు పళ్లు ఊడగొట్టుకుని ఊరంతా చూపిస్తోంది, ఆఫీసులో అదే మేనేజరు అదే ఏడుపు. క్షేమ సమాచారాలు ఇంతటితో సమాప్తం. అసలు సంగతి వేరే ఉంది, అది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపుబ్బరం తగ్గేలా లేదు. మా ఆవిడకి మొదలుపెడితే సగంలో లేచి కుక్కర్ పెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

మా బామ్మర్ది ఉన్నాడు కదా, మన నైట్ వాచ్‌మన్, వాడు ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బ్లెండర్ అని 3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్, అది నేర్చుకోవడానికట. (నవ్వకు. మామయ్యకి అలాగే చెప్పాడు.) తెలిసిన కుర్రాడెవరితోనో కార్డు బిగించుకున్నాడు, డెస్క్‌టాప్ వచ్చింది, సినిమా ఆడింది, గేమ్ మెనూ వరకూ బాగానే ఉంది. ఆట మొదలవ్వగానే టప్పుమని మొత్తం సిస్టమ్ ఆగిపోవడం! నీలం తెర లేదు, హ్యాంగ్ అవ్వడం లేదు, ఫ్యాన్లతో సహా చీకటి. వెనక స్విచ్ తీసి వేస్తే గానీ మళ్లీ లేవడం లేదు. వీడు కార్డు అమ్మినవాడికి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు, వాడు తిరిగి అన్నాడు, అత్తయ్య కంప్యూటర్‌కి దిష్టి తీసింది. ఆ టైముకి నేను వెళ్లాను.

నాకు మొదటినుంచీ కార్డు మీద అనుమానం లేదురా. కార్డు పాడైతే మామూలుగా తెరమీద గళ్లూ గీతలూ వస్తాయి, లేదా తెర పోయి ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఇలా లోడ్ పడగానే మొత్తం కట్ అయిందంటే ఎస్‌ఎంపీఎస్, అదే గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడేలా మార్చిచ్చే డబ్బా, తన ప్రాణం తాను కాపాడుకుంటోందన్నమాట. "బావా, అది 550 వాట్లు, చాలదా?" అన్నాడు వీడు. క్యాబినెట్ డోర్ తీసి, ఎస్‌ఎంపీఎస్ బయటికి లాగి, పక్కనున్న స్టిక్కర్ మీద టార్చ్ వేశాను. పైన ఇంత లావు అక్షరాల్లో 550. కింద చీమ తలకాయంత అక్షరాల్లో పట్టిక, అందులో 12 వోల్టుల గడిలో 22 ఆంప్స్. పన్నెండు ఇరవైరెండ్లు 264 వాట్లు! మిగతావన్నీ 5 వోల్టులు, 3.3 వోల్టుల లెక్కలో కలిపి చూపించిన వాట్లు, ఈ కాలం సిస్టమ్‌కి వాటితో పెద్దగా పనే లేదు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేది 12 వోల్టుల దగ్గరే. 3070 ఒక్కటే 220 వాట్లు, వాడి ప్రాసెసరు 12400ఎఫ్ పూర్తిగా ఊపందుకుంటే 117. చూడు మరి.

ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చిందంటే, పాత కార్డు 1050 టీఐ. దానికి 75 వాట్లు చాలు, అదీ కార్డు గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ నుంచే వస్తుంది, విడిగా ప్లగ్గే అక్కర్లేదు. ఈ కొత్తదానికి రెండు 8 పిన్ ప్లగ్గులు కావాలి, ఒక్కోదానికి 150 వాట్లని లెక్క. ఈ ఎస్‌ఎంపీఎస్‌కి అలాంటి వైర్లే లేవు! మరి ఆ కుర్రాడేం చేశాడో తెలుసా, హార్డ్ డిస్కులకి పెట్టే మోలెక్స్ ప్లగ్గులకి కన్వర్టర్లు తగిలించి కార్డులో గుచ్చేశాడు. మోలెక్స్‌లో 12 వోల్టుల వైరు ఉండేది ఒక్కటి, ఆ పసుపుపచ్చది. ఆ వైరు దూరే చోట తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కమురు వాసన. నాకు ఒళ్లు జలదరించింది. సిస్టమ్ ఆగిపోతోందని వీడి బాధ, ఆగిపోబట్టే ఇల్లు మిగిలిందని నా బాధ.

సరే, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి బయల్దేరాం. మొదటి షాపులో ఒకాయన "సార్, ఇది 600 వాట్లు, ఏ కార్డైనా లాగుతుంది" అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు. లోపల ఏమైనా ఉందా అన్నంత తేలిక. తిప్పి స్టిక్కర్ చూశా, మళ్లీ అదే కథ. ఆంప్స్ అడిగితే "అవన్నీ కంపెనీవాళ్లు చూసుకుంటారు సార్" అన్నాడు. ఆ మాటకి నీ మొహమే గుర్తొచ్చింది, 'కంపెనీవాళ్లు చూసుకుంటారు' అని నువ్వు మెస్‌లో... వద్దులే, ఈ ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది.

ఇక వీడేమో పంతం పట్టాడు, కొంటే 1000 వాట్లదే కొంటానని. ఫోన్లో మామయ్య, "వెయ్యా? అది రోజంతా తిరిగితే సగం గీజర్ వేసినట్టే కదా అల్లుడూ, కరెంటు బిల్లు ఎవడు కడతాడు?" (గీజర్ అనగానే నీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు, ఆపు.) వెయ్యి అని రాసుంటే వెయ్యీ లాగదని, సిస్టమ్ ఎంత అడిగితే అంతే ఇస్తుందని చెప్పాను. ఇంటెడు భారం పడ్డా వాడిది 400 వాట్ల దగ్గర ఆగుతుంది. 80 ప్లస్ గోల్డ్ అయితే గోడలోంచి 445 దాకా తీసుకుంటుందనుకో, మిగతాది వేడి. ఆ గోల్డ్ ముద్ర కూడా కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందే గానీ, లోపలి సరుకు మంచిదని హామీ ఏం కాదు.

400 అయితే 450 ది చాలదా అని వీడు ఈసారి అటు దూకాడు. వీడితో ఇదే గోల. 3070 లాంటి 30 సిరీస్ కార్డులు కన్నుమూసి తెరిచేలోపు, మిల్లీసెకన్ల పాటు, తమ లెక్కకి చాలా పైకి ఎగురుతాయి, చిన్న ఎస్‌ఎంపీఎస్ అయితే అది చూసి బెదిరి కట్ అయిపోతుంది. అందుకే కార్డు తయారుచేసిన ఎన్విడియా వాళ్లే 3070కి 650 పెట్టమన్నారు. చివరికి పేరున్న కంపెనీది 650 గోల్డ్, 12 వోల్టుల దగ్గర 54 ఆంప్స్, రెండు 8 పిన్‌లకీ రెండు విడి వైర్లు, ఏళ్ల తరబడి వారంటీ. ఒకే వైరుకి రెండు తలలున్నదాన్ని వాడనివ్వలేదు. సాయంత్రానికి బిగించాం, రాత్రి రెండింటిదాకా ఆడాడు. బ్లెండర్ ఊసే లేదు.

నువ్వూ కార్డు మారుస్తానన్నావు కదా, అందుకే ఇంత రామాయణం. స్టిక్కర్ ఫోటో తీసి పంపు, డబ్బా మీది అంకె నాకొద్దు. ఇంకోటి, నీది మాడ్యులర్ కదా, అదే కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకం, ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లు సరిగ్గా పట్టాయి కదా అని కొత్తదానికి పెట్టకు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, డ్రైవులు మాడిపోయినవాళ్లున్నారు. నీ అట్టపెట్టె మ్యూజియం సంగతి తెలుసు కాబట్టి చెబుతున్నా. ఇక 4090 లాంటిది ఏమైనా...

ఉండు, మామయ్య ఫోన్. కరెంటు పోయిందట, వీడు ఆటలో ఉన్నాడట, యూపీఎస్ ఒకటే కీచుకీచుమని అరిచి ఆరిపోయిందట. అది 600 వీఏదిరా, 360 వాట్లకి మించి ఇవ్వదు! మళ్లీ బయల్దేరాలి. కార్డు కొనేముందు నాకు ఫోన్ చెయ్యి.

నీ
రాజు