ఏడు చుట్ల దారి ఆనవాళ్లు మన మండలాల్లోనూ వెతకాలి

సంపాదకులకు నమస్కారములు.

పద్మవ్యూహాన్ని ఎటు పోవాలో తెలియని చిక్కుదారిగా వర్ణించడం ఉపన్యాసాల్లోనూ పత్రికల్లోనూ పరిపాటి అయింది. కర్ణాటకలోని హళేబీడు హొయసళేశ్వరాలయం గోడపై 12వ శతాబ్దపు శిల్పులు మలచిన వ్యూహాన్ని కంటితో అనుసరిస్తే, అందులో చీలికలు గాని, మధ్యలో మూసుకుపోయే దారులు గాని లేవనీ, ఉన్న ఒక్క దారే మెలికలు తిరుగుతూ నడిమికి చేరుస్తుందనీ తెలుస్తుంది. భారతంలో అభిమన్యుడు దారి తప్పి మరణించలేదు. వెనుక వస్తున్న పాండవులను సైంధవుడు వ్యూహముఖంలోనే అడ్డగించినందువల్ల ఒంటరివాడై మరణించాడు.

గ్రీసు దేశంలోని పైలోస్‌లో దొరికిన, క్రీ.పూ. 1200 ప్రాంతపు మట్టిపలక మీద ఒకవైపు మేకల లెక్కలున్నాయి, మరోవైపు ఇలాగే చీలికలు లేకుండా ఏడు చుట్లు తిరిగి నడిమికి చేరే దారి గీసి ఉంది. రాజభవనం తగలబడినప్పుడు కాలి గట్టిపడినందునే ఆ పలక మనకు మిగిలింది. క్రీటు ద్వీపంలోని నోసోస్ నాణేలపైనా ఈ ఆకృతే కనిపిస్తుంది. ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చి నేలపై 13వ శతాబ్దంలో పరిచినది మాత్రం పదకొండు చుట్లది.

ఈ ఏడు చుట్ల దారిలోని ఆధ్యాత్మికార్థం దాని నడకలోనే ఉందని నా నమ్మకం. వెలుపలి నుంచి లెక్కిస్తే నడిచేవాడు మొదట మూడో చుట్టులో అడుగుపెట్టి, రెండు, ఒకటి చుట్లకు, అంటే ఇంకా వెలుపలికే పోతాడు. తరువాత నాలుగు దాటి నడిమిని ఆనుకున్న ఏడో చుట్టుకు చేరినా, మళ్లీ ఆరు, ఐదులకు వెనుదిరిగాక గాని కేంద్రం దక్కదు. లక్ష్యానికి దూరమవుతున్నట్టు తోచిన ప్రతి అడుగూ నిజానికి అక్కడికి చేర్చే అడుగే. దీన్ని ప్రదక్షిణంతో సమానమనడం నాకు సమ్మతం కాదు. ప్రదక్షిణంలో దైవం ఎప్పుడూ మన కుడివైపునే ఉంటాడు, ఇక్కడ మలుపు మలుపుకూ దిశ మారుతుంది. మన దేశంలో కొన్నిచోట్ల కాన్పు కష్టమైన తల్లికి ఈ చక్రవ్యూహాన్ని పళ్లెంలో కుంకుమపువ్వుతో గీసి, నీటితో కడిగి తాగించే ఆచారం ఉండేది. తల్లి గర్భంలోనే వ్యూహం విన్నాడని జనం చెప్పుకునే అభిమన్యుడి కథ పక్కన ఈ ఆచారాన్ని పెట్టి చూస్తే, లోపల ఉన్న ప్రాణం క్షేమంగా బయటికి రావాలన్న ప్రార్థన అందులో వినిపిస్తుంది.

కుప్పానికి ఆనుకుని తమిళనాడులో ఉన్న కృష్ణగిరి జిల్లాలోనూ, దాని అవతలి ధర్మపురి జిల్లాలో కంబైనల్లూరు వద్దనూ నేలపై రాళ్లు పేర్చిన ఇటువంటి దారులు బయటపడ్డాయి. రాష్ట్రాల సరిహద్దులు నిన్నమొన్న గీసుకున్నవి కనుక మన చిత్తూరు జిల్లా పశ్చిమ మండలాల్లోనూ ఇవి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేము. పునాది లేకుండా పేర్చిన రాళ్లు గ్రానైటు తవ్వకాల్లోనో, పొలాల చదునులోనో ఒక్క పూటలో మాయమవుతాయి. రాష్ట్ర పురావస్తు శాఖ, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి కుప్పం, పలమనేరు ప్రాంతాల్లో సర్వే జరిపించాలని కోరుతున్నాను. అటువంటి రాళ్ల వరుసలు ఎక్కడైనా కనిపిస్తే కదిలించకుండా ఫొటో తీసి పంపవలసిందిగా మీ జిల్లా పేజీలో గ్రామస్థులకు ఒక ప్రకటన ఇవ్వాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, చిత్తూరు