పెద్ద పిల్లలు ఎందుకు జారుకుంటారంటే...

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. పదిహేను దాటగానే పిల్లలు ఒక్కొక్కరే స్కౌట్ ట్రూప్‌కి రావడం మానేస్తున్నారని తెగ బాధపడిపోయావు. చదువులు, ఫోన్లు అని తప్పంతా వాటి మీదకే తోశావు. అవి లేవనను గానీ, అదే చదువులున్నా ఆటలకి టైం ఎలా దొరుకుతోంది?

మీటింగ్‌లో పదిహేడేళ్లవాడు ఏం చేస్తున్నాడో ఓసారి గమనించు. పదేళ్ల పిల్లలు రీఫ్ నాట్ నేర్చుకుంటుంటే తాడు కొస పట్టుకుని నిలబడతాడు. ఆ ముడి వాడు కళ్లు మూసుకునైనా వేస్తాడు. అయ్యాక కుర్చీలు సర్దేదీ వాడే. దానికి మనం లీడర్‌షిప్ అని పేరు పెట్టాం. జీతం లేని చాకిరీ అని వాడికి తెలీదనుకున్నావా?

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి క్యాంపులోనే స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ కుర్రాళ్లను నాలుగు పాట్రోళ్లు, అంటే చిన్న జట్లు చేసి, వాళ్లలోంచే లీడర్లను పెట్టాడు. పెద్దవాళ్లయిన కుర్రాళ్ల కోసం 1918కల్లా రోవర్ల విభాగం విడిగా వచ్చేసింది. అందుకే చెప్తున్నా, నీ పెద్ద పిల్లలకి వేరే రోజు, వేరే గుంపు పెట్టు.

ఈసారి హైక్ మొత్తం వాళ్ల చేతుల్లో పెట్టెయ్. దారి, సరుకులు, డబ్బు లెక్క, అన్నీ. మ్యాప్‌లో ఎత్తు చూపే కాంటూర్ గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటున్న చోటే, అంటే బాగా నిటారుగా ఉన్న చోటే, దగ్గరిదారి గీస్తారు చూడు! గంటకి 5 కిలోమీటర్లు, పైకెక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట అనే నైస్మిత్ లెక్క, నడకకి ఎంత టైం పడుతుందో తేల్చేది, చెప్పి ఊరుకో. అది వేసుకుంటే సరే, వేసుకోకపోతే చీకటి పడ్డాక చేరతారు. సరుకులు చాలకపోతే ఆ పూట అరకడుపే. ప్రాణం మీదకొచ్చేది, ఇంట్లోవాళ్ల అనుమతి, ఈ రెండే నువ్వు చూసుకో. మిగతావాటిలో వేలు పెట్టకు. నీకిది కష్టమని నాకు తెలుసు!

కోర్ట్ ఆఫ్ ఆనర్, అదే పాట్రోల్ లీడర్లు కూర్చుని ట్రూప్ సంగతులు తేల్చుకునే సమావేశం, అది కూడా నిజంగా జరగనీ. అందులో నువ్వు సలహా చెప్పొచ్చు, ఓటు మాత్రం లేదు. బ్యాడ్జీలంటావా, ఆ వయసులో వాటికోసం ఆగేవాళ్లు తక్కువే. పరీక్షలని ఏడాది మానేసినవాడు తిరిగొస్తే మాత్రం ఇన్నాళ్లూ ఏమయ్యావని నిలదీయకు. పని చూపించు, చాలు.

హైక్ ఎప్పుడో రాయి. తేదీ నువ్వే పెట్టెయ్యకు, వాళ్లని అడిగి రాయి.

నీ,
పాత పాట్రోల్ లీడర్