శిలాఫలకాల పనులు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పోరులో అమరుడైన జవాను పేరిట వేయించే ఫలకానికి టెండరులో రాయి కొలత, ధర, గడువు రాస్తే చాలదు. ఎక్కువ తప్పులు పేరు దగ్గరే జరుగుతాయి. సర్వీసు రికార్డులో ఉన్న పేరు, నంబరు, హోదా, రెజిమెంటు, మరణించిన తేదీ, చోటు అన్నీ కాగితం మీద అసలు సైజులో ముద్రించి కుటుంబానికి చూపించండి. వాళ్లు సంతకం పెట్టాకే ఉలి పడాలి. ఫోనులో చదివి వినిపించి సరే అనిపించుకోవడం పరిశీలన కాదు.

మరొకటి, ఇసుక బ్లాస్టింగ్, అంటే రాయికి రబ్బరు స్టెన్సిల్ అంటించి, అందులో కోసిన అక్షరాల మీద ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి చెక్కడం. రబ్బరు స్టెన్సిల్‌లో సున్న నడుమ మిగిలే చిన్న ముక్క ఊడితే సున్న కాస్తా గుంటవుతుంది. 'ధ' కింది గీత సన్నగా ఉంటే ఇసుక లోతుకు దిగదు, రంగు పోయాక అది 'ద' లాగే కనిపిస్తుంది. అక్షరం 25 మి.మీ.కి తగ్గకుండా, ఇంగ్లీషు V ఆకారపు గాడితో చెక్కించండి. రంగు వెలిసినా నీడతోనే చదవొచ్చు.

పాలరాయి వద్దు, ఆమ్ల వర్షానికి అరుగుతుంది. గ్రానైటే మేలు. దాన్ని గోడకు పట్టే క్లాంపులు ఇనుపవైతే తుప్పు ఉబ్బి అంచులు పగులుతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. ప్రారంభోత్సవానికి ముందు మెరుపు కోసం యాసిడ్‌తో కడిగించడం (ఇది ఎవరి ఆలోచనో గానీ) మానిపించండి, పసుపు మరకలు తేలతాయి. నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్ చాలు.

హోదాను బట్టి ఫలకం సైజు మార్చకండి. 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ పాటించే నియమమూ ఇదే.

అదే క్వారీ రాయిలో రెండు పలకలు అదనంగా తీయించి గోదాములో ఉంచండి. తర్వాత కొంటే రంగు కలవదు.