కంట్రోల్ కుండీలో బుడిపెలు

అనంతపురం

పాపా,

రాత్రి నువ్వు ఫోన్లో ఏడుపు గొంతుతో మాట్లాడేసరికి మీ అమ్మ హాస్టల్లో ఏదో గొడవైందనుకుంది. పోల్చి చూడడానికి బ్యాక్టీరియా కలపకుండా పెట్టిన కంట్రోల్ కుండీల్లో కూడా శెనక్కాయ వేర్లకు బుడిపెలు వచ్చాయంట, అదీ పాప టెన్షన్ అని నేను చెప్తే, "బుడిపెలు రాకపోతే కదా ఏడవాల్సింది" అని పోయి పడుకుంది. బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పంటకు అందిస్తుంది కాబట్టి సేద్యం చేసేవాళ్ల లెక్కలో ఆమె మాట నిజమే. నీ ప్రయోగం లెక్కలో మాత్రం అది పెద్ద చిక్కే, కాదనను.

కానీ నన్ను ఇబ్బంది పెట్టింది బుడిపెలు కాదు. "ఆ గడిలో సున్నా వేసేద్దాం, ఎవరు చూడొచ్చారు" అని మీ బ్యాచ్‌లో ఎవరో అన్నారని నువ్వు మధ్యలో ఒక మాట అని దాటేశావు చూడు, అది. సున్నా వేయొద్దు. ఏ కుండీలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, తేదీ వేసి, నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాయి. తక్కినవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

నా ఉద్యోగమంతా కాలేజీ ల్యాబులోనే కదా గడిచింది. ప్రాక్టికల్స్ అంటే మన దగ్గర ఏమిటో నాకు తెలుసు. బ్యూరెట్ కడగకముందే టైట్రేషన్ రీడింగులు రాసేసిన పిల్లల్ని చూశాను. మూడు రీడింగులూ పాయింటుతో సహా ఒక్కటే! సీనియర్ రికార్డు చేతికొస్తే సగం పని అయిపోయినట్టే. పరీక్ష రోజున "అన్నా, నాదేం సాల్టు అన్నా" అని నా వెనకాలే తిరిగేవాళ్లు. కాపర్ సల్ఫేట్ నీలంగా కళ్లెదుట కనబడుతున్నా అడిగేవాళ్లు. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు. జవాబు ముందే తెలిసినప్పుడు చూసి రాయడానికీ, చూడకుండా రాయడానికీ మార్కుల్లో తేడా రాదు.

మీ సార్ ఇచ్చిన పని అట్లాంటిది కాదు. మన చేలోని బుడిపెల్లోంచి మీరు తీసిన బ్యాక్టీరియా శెనక్కాయకు నిజంగా పనికొస్తుందా లేదా అన్నది ఏ సీనియర్ రికార్డులోనూ లేదు. సార్‌కూ తెలియదు. అందుకే నీకు అంత బెదురు. ఇన్నేళ్ల చదువులో జవాబు తెలియని ప్రశ్న నీ చేతికి రావడం ఇదే మొదలు కదా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ముందు నాకు ఇసుక మీద అనుమానం. పెద్ద డబ్బా నిండా పొడి ఇసుక పోసి, ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టామన్నావు. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నిమిషాలు అనే లెక్క ఫ్లాస్కులో పోసిన, బ్యాక్టీరియా పెంచే మీడియాకు సరిపోతుంది. డబ్బాడు ఇసుకకు చాలదు. సంగటి ముద్ద పైన పొగలు కక్కుతున్నా మధ్యలో పిండి ఉండలు పచ్చిగా మిగిలినట్టు, ఆవిరి నడిమి దాకా చేరదు. పైన అతికించిన టేపు మీద నల్ల గీతలు వచ్చాయంటే పైన వేడి తగిలిందని, అంతే. ఇసుకను కాస్త తడిపి, చిన్న చిన్న సంచుల్లో పలచగా పెట్టి, ఎక్కువ సేపు, వరుసగా రెండు రోజులు పెట్టాలి. మా ల్యాబులో మట్టి పెట్టాల్సి వస్తే అట్లాగే పెట్టేవాళ్లం.

ఇసుక కాకపోతే విత్తనాలు. ఇంటి నుంచి తీసుకుపోయిన కదిరి-6 విత్తనాలకు మన చేను దుమ్మే అంటి ఉంటుంది. అదీ కాకపోతే కుండీలు పెట్టిన చోటు. శెనక్కాయ ఈ విషయంలో పట్టింపు లేని పంట, అలసంద, కంది, పెసర, ఉలవల వేర్లలో ఉండే రకాలను కూడా రానిస్తుంది. మన సీమ గాలిలో ఆ దుమ్ముకు కరువా? కలిపిన కుండీ, కలపని కుండీ పక్కపక్కనే పెట్టి ఒకే మగ్గుతో నీళ్లు పోసినా చాలు.

కుండీలు పారేయకముందు చేయాల్సినవి ఉన్నాయి. బుడిపెలను బ్లేడుతో అడ్డంగా కోసి లోపలి రంగు చూడు. ఎర్రగా, గులాబీగా ఉంటే లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్ర పదార్థం ఉన్నట్టు, అవి పనిచేస్తున్న బుడిపెలు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ మాటే రాయి. నత్రజని లేని ద్రావణం పోస్తున్నారు కదా, కంట్రోల్ మొక్కల ఆకులు పసుపెక్కాయా, పచ్చగానే ఉన్నాయా? ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది.

ఇంకొకటి కూడా అడగాలి, కోపం తెచ్చుకోవద్దు. బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద రెండో రోజుకే కాలనీలు గుట్టలుగా వచ్చాయని అప్పట్లో సంబరపడ్డావు. శెనక్కాయ బుడిపెల్లో ఉండేది ఎక్కువగా బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా, అది నిదానంగా పెరిగే రకం, ప్లేటు మీద కనబడడానికి వారం దాకా పడుతుంది. ప్లేటులో కలిపే కాంగో రెడ్ అనే రంగును కూడా పెద్దగా పీల్చుకోదు. రెండో రోజుకే ఎర్రగా పెరిగింది వేరే ఏదో అయివుండొచ్చు, బుడిపెల లోపల వేరే బ్యాక్టీరియా కూడా ఉంటుంది కదా. అదే నిజమైతే మీరు కలిపిన కుండీల్లో వచ్చిన బుడిపెలు కూడా మీ కల్చర్ వల్ల వచ్చినవి కావు. ఈ కంట్రోల్ కుండీలే లేకపోతే ఆ సంగతి నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. సున్నా వేసేద్దామన్న వాళ్లకు ఈ ముక్క చెప్పు.

నువ్వు పుట్టకముందు, 2000 ఖరీఫ్‌లో, మన జిల్లా శెనక్కాయకు జరిగింది జేజి నీకు చెప్పే ఉంటుంది. మొవ్వు ఎండి, కాండం నల్లబడి, చేలకు చేలే మాడిపోయాయి. దాదాపు 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్లకు పైగా నష్టం. చూడడానికి అచ్చం పాత మొవ్వుకుళ్లు తెగులే, మా అందరి నోటా అదే మాట. పరీక్షలు చేస్తే మొవ్వుకుళ్లు తెచ్చే వైరస్ కాదు. పొగాకు స్ట్రీక్ వైరస్ అని బయటపడింది. అది వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుందంట, తామర పురుగులు ఆకును గీకినప్పుడు ఆ పుప్పొడి నుంచి గాయంలోకి దిగుతుందంట. గట్టు మీది కలుపును పీకడం, చేను చుట్టూ జొన్న సాళ్లు వేయడం ఆ తర్వాతే మాకు చెప్పారు. అంతా మొవ్వుకుళ్లే అంటున్నప్పుడు ల్యాబులో కూర్చున్న మనిషి, పరీక్షలో ఆ వైరస్ "రాలేదు" అన్న ఫలితాన్ని రాలేదనే రాశాడు కాబట్టి మా దాకా ఆ మాట వచ్చింది.

మార్కుల సంగతి నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పను. సార్‌ను దాచకుండా అడుగు. కుండీలు చూపించి, నీ అనుమానాలు చెప్పి, మళ్లీ వేయడానికి టైము ఉందా అని అడుగు. బుడిపెలు తెలియడానికి ఎట్లా లేదన్నా మూడు నాలుగు వారాలు కావాలి, కాబట్టి అడిగేది రేపే అడుగు.

ఆదివారం మీ చిన్నాన్న కర్నూలు వస్తున్నాడు. ఒక సంచిలో కడిగి ఆరబెట్టిన పెన్నా ఇసుక, ఇంకో సంచిలో విత్తనాలు పంపిస్తున్నాను, రెండూ కలపొద్దు. జేజి నువ్వుల ఉండలు కూడా ఉన్నాయి, అవి ల్యాబుకు తీసుకుపోవద్దు. సార్ ఏమన్నారో ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
నాన్న