ముద్ర పరాయిదైనా మాట మనది కావాలి

సంపాదకునికి,

విదేశీ పిల్లల ఛానళ్లు కార్టూన్ నెట్‌వర్క్ 1995లో, నికెలోడియన్ (నిక్) 1999లో మన దేశానికి వచ్చాయి. పేరూ ముద్రా పరాయివే అయినా, 2012లో నిక్ ఛానల్ లోట్‌పోట్ అనే హిందీ పిల్లల పత్రికలోని మోటూ, పత్లూ పాత్రలను తెరమీదికి తెచ్చాక, విదేశీ బ్రాండు నీడన సొంత కథ ఎంత చక్కగా ఇమడగలదో అందరికీ తెలిసొచ్చింది.

తెలుగు పిల్లలకు మాత్రం దక్కుతున్నది ఎక్కువగా డబ్బింగే. మొన్న మా మనవడు చూస్తున్న ఒక కార్టూన్‌లో పాత్రలు తెలుగులోనే మాట్లాడుతున్నా, తమ్ముడు అక్కను ‘దీదీ’ అనే పిలిచాడు. వెనకున్న కొట్టు బోర్డు హిందీలో ఉంది. “తాతయ్యా, అక్కడ ఏం రాసుంది?” అని వాడడిగితే నేను కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది (నా హిందీ అంతంతమాత్రం).

తెలుగు పిల్లల కోసమే సన్ సంస్థ 2009లో ఖుషీ టీవీని పెట్టింది గనుక, ఇక్కడ చూసేవారు లేరనడం చెల్లదు. విదేశీ బ్రాండును వాడుకోవడానికి చేసుకునే లైసెన్సు ఒప్పందంలో బ్రాండు ముద్రకూ రంగులకూ ఎంత కచ్చితమైన నియమాలు రాసుకుంటారో, తెలుగులోనే తయారయ్యే కార్యక్రమాల గంటలకూ అంత కచ్చితమైన షరతు రాసుకోవాలని, తెలుగు మాటలు రాసినవారి పేర్లు ప్రతి భాగం చివరా వేయాలని ఛానళ్ల నిర్వాహకులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి